అల్లుడుగారి కండ

బీరువా లిఫ్టులో పట్టలేదు. పట్టదని భీమారావుగారు ముందే టేపు పెట్టి కొలిచి మరీ చెప్పారు. సైన్యానికి తిండీ సరుకూ అందించే దళంలో సుబేదారుగా రిటైరైన మనిషి. ఏ వస్తువు ఏ దారిన పోతుందో ఆయనకి ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు. ఢిల్లీ పక్కనున్న వైశాలిలోనే ఒక అద్దె ఇంట్లోంచి రెండు వీధుల అవతల మరో అద్దె ఇంటికి మారుతున్నారు. పోయిన భార్య బీరువా అది, పాతకాలపు ఇనుము. దాన్ని రెండో అంతస్తుకి ఎక్కించాలి. టెంపోతో నలుగురు కూలీలు వస్తామని ఇద్దరే వచ్చారు. మూడో మూల తాను పట్టుకుంటారు, నాలుగో మూలకి అల్లుడున్నాడు కదా అన్నారాయన.

అల్లుడు హేమసుందర్ కింద నోటీసు బోర్డు ముందు నిలబడి, వాటర్ ట్యాంకు ఎప్పుడు కడుగుతారో చదువుకుంటున్నాడు. టెంపోలోంచి రెండు అట్టపెట్టెలు దించి మెట్ల దగ్గర పెట్టాడు, అంతే, వెళ్ళి ఆ నోటీసు మీద పడ్డాడు. అతని భార్య సరోజకి ఆ చదువు తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తోంది. ఆర్.కె. పురంలో బస్సు దిగి క్వార్టరుకి నడిచే దారిలో మొదటి మలుపు దగ్గర అతనికి ఏదో ఒకటి చదవాల్సిన పని పడుతుంది. కోచింగ్ సెంటరు పోస్టరో, గది అద్దెకిస్తామన్న కాగితమో, తప్పిపోయిన కుక్కపిల్ల ఫొటోనో. చేతిలో కూరగాయల సంచి ఉన్నరోజు మరీ శ్రద్ధగా చదువుతాడు. ఆమె ఆ సంచి అందుకుని ముందు నడిచేస్తుంది. మొగుడు చేతులూపుకుంటూ వెనక రావడం, పెళ్ళాం సంచులు మోసుకుంటూ ముందు పోవడం క్వార్టర్స్‌లో అందరికీ తెలిసిన వేడుకే.

"అల్లుడుగారూ! ఆ నోటీసు బట్టీపట్టీడం అయిపోతే ఇలగొస్తారేటి?" అని కేకేశారు భీమారావుగారు.

కూలీలకి తెలుగు రాదు, అయినా నవ్వారు. ఆ గొంతులో ఉన్నది ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. వాళ్ళ పన్నెండేళ్ళ కూతురు అక్షర మెట్ల మీద కూర్చుని, "పాపా ఫిర్ రుక్ గయే," అంది ఫోన్లోంచి తలెత్తకుండా, నాన్న మళ్ళీ ఆగిపోయాడని. హేమసుందర్ వచ్చి నాలుగో మూల పట్టుకున్నాడు.

మొదటి మలుపు దాకా బాగానే వెళ్ళింది. అక్కడ తిరిగేటప్పుడు అతని మొహం తెల్లగా పాలిపోవడం వెనక వస్తున్న సరోజ చూసింది. "ఒక్క నిమిషం దించుదామండీ," అన్నాడు. మెట్ల మధ్యలో బీరువా దించేవాడు ఎవడైనా ఉంటాడా అని మావగారు పైనుంచి గద్దించారు. రెండంతస్తులే కదా, హిమాలయాలు కాదు కదా అన్నారు. అతను పళ్ళు బిగబట్టి ఎక్కాడు. చివరికి బీరువా పడకగదిలో గోడకి ఆనింది. కూలీలు చేతులు దులుపుకున్నారు. హేమసుందర్ చేతులు మాత్రం బీరువా అడుగు అంచుని అలాగే పట్టుకుని ఉన్నాయి.

"అయిపోనాది బాబూ, వొదిలీండి. మీ అత్తగారి బీరువా ఎవరూ ఎత్తుకుపోరు!"

గదంతా నవ్వు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గాని సరోజ కూడా నవ్వింది. దగ్గరికెళ్ళి అతని వేళ్ళు విడదియ్యబోయాక ఆ నవ్వు ఆగిపోయింది. అవి వేళ్ళలా లేవు, చెక్కలా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఊడదీస్తుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రం బాత్‌రూమ్ తలుపు కొంచెం తీసి ఆమెని పిలిచి చూపించాడు. మూత్రం చిక్కటి కాఫీ డికాషన్ రంగులో ఉంది.

పక్క వీధిలోని ఆసుపత్రిలో వారం పైగా ఉంచారు. కండలు చితికిపోయి, వాటిలోని ఎర్రటి ప్రోటీన్ రక్తంలోకి దిగి కిడ్నీలకి అడ్డం పడిందని పెద్ద డాక్టరు చెప్పాడు. సెలైన్ల మీద సెలైన్లు ఎక్కించి, ఎలాగో వాటిని దారిలో పెట్టాడు. దేవుడిలాంటి మనిషి. కాని ఒక సంగతి అతనికి మింగుడు పడలేదు.

"నలుగురు కలిసి బీరువా మోస్తే ముగ్గురు బాగున్నారు. ఈయన ఒక్కడికే ఇలా ఎందుకైంది? కండలోనే ఏదో ఉంది. అదేమిటో తెలియకపోతే, ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో నేను చెప్పలేను. ఈసారి కిడ్నీలు తిరిగొచ్చాయి. ప్రతిసారీ వస్తాయని హామీ ఇవ్వలేను," అన్నాడు హిందీలో, సరోజ వైపే చూస్తూ.

అందుకని తొడలోంచి కండ తీసి పరీక్షకి పంపాలన్నారు. అలాంటి పరీక్ష చేసేవాళ్ళు ఊరికి ఆ కొసన, దక్షిణ ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రి లేబొరేటరీలో ఉన్నారు. ముక్కని మనుషులే పట్టుకెళ్ళాలి, అదీ తాజాగా.

"నాను తీసికెళ్తాను," అన్నారు భీమారావుగారు. ఆ వారంలో ఆయన అల్లుడితో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. క్షమించమని అడగడం ఆయనకి రాదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ బట్టలతో వచ్చి, మంచం కాళ్ళ దగ్గర నిలబడి, సెలైను చుక్కలు చూసి వెళ్ళిపోయేవారు.

కండ తీసిన రోజు ఆయన తన సొంత థర్మోకోల్ పెట్టెతో హాజరయ్యారు. కేరళ నర్సు చిన్న డబ్బాలో, కాస్త తడిపిన గాజుగుడ్డలో చుట్టిన ముక్కని ఇచ్చింది. చిటికెనవేలి కొసంత ఉంటుంది. దాంతోపాటు వేలెడంత సీసా ఒకటి, అందులో మందునీళ్ళలో బియ్యపు నూకంత ఇంకో ముక్క. సీసాకి ఐసు అక్కర్లేదని, డబ్బాని మాత్రం ఐసు మధ్యలో పెట్టమని చెప్పింది. "ఠండా రహే, లేకిన్ జమ్‌నా నహీ చాహియే అంకుల్," అని రెండుసార్లు చెప్పింది. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు.

భీమారావుగారు మొదటి సగమే విన్నారు. ఐసు సంగతి ఆయనకి ఆ కేరళ పిల్ల చెప్పాలా? సీసాని చొక్కా జేబులో పడేసుకున్నారు. ఆసుపత్రి గేటు పక్కన కూర్చుని పెట్టెలో ఐసు ముక్కలు పరిచి, సంచిలోంచి కళ్ళుప్పు పొట్లం తీసి, గుప్పెళ్ళతో చల్లి, మళ్ళీ ఐసు పరిచి, నడుమ డబ్బా దింపి, పైన మళ్ళీ ఉప్పు చల్లారు. నారుమడికి ఎరువు చల్లినంత ఒద్దికగా ఉంది ఆ పని.

"ఉప్పెందుకు నాన్నా?" అంది సరోజ.

"ఉప్పు పడితే ఐసుకి బలం. రాజస్థాన్ బోర్డరుకి మే నెల ఎండలో యూనిట్లకి మాంసం పంపినానమ్మా. ఒక్క కిలో వాసన రాలేదు. ఇది మన మనిషిది, ఇంకెంత జాగ్రత్తగా పంపాల?"

'మన మనిషి' అన్నాడు నాన్న. ఆ మాట మంచంలో ఉన్నాయన వినలేదే అని బాధపడింది, అంతే తప్ప ఉప్పు గురించి ఇంకేం అడగలేదు.

వైశాలి మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ జవాను పెట్టె దగ్గర ఆపి, ఇందులో ఏముందని అడిగాడు. "ఇస్ మే క్యా హై, సాబ్?"

"మేరే దామాద్ కా మాంస్," అన్నారు భీమారావుగారు, అటెన్షన్‌లో నిలబడి.

అల్లుడి మాంసం అనేసరికి జవాను చెయ్యి దానంతటదే పెట్టె మీంచి వెనక్కి పోయింది. వెనక వరసలో ఉన్న కాలేజీ పిల్లలు రెండడుగులు దూరం జరిగారు. సరోజ గబగబా ఆసుపత్రి కాగితం చూపించి సంగతి చెప్పింది. జవాను చదివి, ఊపిరి పీల్చుకుని, పక్కనుంచి పంపించేశాడు. మెట్రోలో ఎన్నడూ కూర్చోని తండ్రి ఆ రోజు ఎవరో సీటిస్తే కూర్చున్నాడు, పెట్టె ఒళ్ళో పెట్టుకుని. రాజీవ్ చౌక్‌లో మారేటప్పుడు ఆ జనంలో పెట్టెని నెత్తి దాకా ఎత్తి పట్టుకున్నాడు. ఐ.ఎన్.ఏ.లో దిగే వరకూ ఒక చెయ్యి మూత మీదే ఉంది. ఈ మనిషి మీద ఇన్ని రోజులూ పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, సరోజ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

లేబొరేటరీలో పెట్టె అందుకున్న టెక్నీషియన్ డబ్బా తీసి, లోపలి ముక్కని వేలితో నొక్కి చూసి, ఒక్క క్షణం ఆగాడు. "ఠీక్ హై, మేడం దేఖేంగీ," అన్నాడు, సరే, మేడం చూస్తారని. భీమారావుగారు జేబులోని సీసా కూడా ఇచ్చేసి, ఖాళీ పెట్టె ఊపుకుంటూ, మనసు తేలికై, కూతురికి బయట బండి మీద చోలే భటూరే తినిపించారు.

కొన్నాళ్ళకి ఫోనొచ్చింది. అప్పటికి హేమసుందర్ ఆర్.కె. పురం క్వార్టరుకి తిరిగొచ్చాడు, తొడకి కట్టు విప్పేశారు. అతను బాల్కనీలో ఎండకి కూర్చుని బటానీలు ఒలుస్తున్నాడు. ఫోను చేసింది ఆ లేబొరేటరీలో డాక్టర్ నవ్యశ్రీ. పేరు చూసి తెలుగువాళ్ళనుకుని తెలుగులోనే మాట్లాడింది, వరంగల్ మాట.

"సరోజగారూ, పెద్ద ముక్క మాకు చేరేసరికే గడ్డకట్టి ఉందండి. కండంతా రంధ్రాలు పడ్డయ్. దాన్ని పట్టుకుని నేను ఏం చెప్పినా తప్పే అయితది. మళ్ళ తియ్యాల్నా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు మీరు ఆయన్ని తీసుకుని ఒకసారి రండి, నేను మాట్లాడాలె."

సరోజ చెప్తే హేమసుందర్ బటానీలు ఒలవడం ఆపలేదు.

"మళ్ళీ కోయించుకోను సరోజా."

"అలా అంటే ఎలాగండీ? ఏమిటో తెలియాలి కదా. డాక్టరు ఏమన్నాడో విన్నారుగా?"

"తెలియకపోతే ఏం? బద్ధకం అనే అనుకోండి. ఇన్నాళ్ళూ అనుకున్నారుగా."

కోపంగా అని ఉంటే ఆమె తిరిగి ఓ మాట అనేది. అతను చాలా మామూలుగా అన్నాడు, బస్సు ఇంకా రాలేదు అన్నట్టు. ఇన్నేళ్ళలో తాను ఒక్కసారైనా ఆగి, ఎందుకు ఆగావని ఈ మనిషిని మామూలు గొంతుతో అడిగిందా? ఆ ప్రశ్న వచ్చి సరోజ ఎదురుగా కూర్చుంది. మాట్లాడటానికే వెళ్దాం, కత్తి ఉండదు అని బతిమాలింది. ఆ షరతు మీద ఒప్పుకున్నాడు. తండ్రికి చెప్పొద్దనుకుంది గాని, ఆయనే ఫోన్ చేసి రిపోర్టు సంగతి అడిగి, మర్నాడు వాళ్ళకంటే ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డారు.

నవ్యశ్రీకి ముప్పై అయిదు దాటి ఉండవు. మెడలో అద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. ఆమె గది ఇరుకు. ముగ్గుర్నీ కూర్చోబెట్టడానికి పక్కగదిలోంచి ఒక స్టూలు తెప్పించింది. మైక్రోస్కోపు కింద కనపడేది గోడమీద తెరలో చూపించింది.

"ఇది వేరేవాళ్ళది, ఆరోగ్యంగ ఉన్న కండ. అడ్డంగ కోసినం. చూడండి, దానిమ్మ గింజలు ఒత్తుగ పేర్చినట్టు లేదూ? ఒక్కో గింజ ఒక్కో కండపోగు. ఇప్పుడు ఇది మీది సార్."

తెర మారింది. గింజలు ఉన్నాయి గాని, ప్రతి గింజనీ పురుగు తొలిచినట్టు తెల్లటి కన్నాలు.

"మేము కండని గడ్డకట్టించేటప్పుడు కన్ను మూసి తెరిచేలోపల కట్టిస్తం. లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచిన దాంట్లో ముంచుతం. నీళ్ళకి ఐసు పలుకు కట్టే టైమియ్యం. నెమ్మదిగ గడ్డకడితే లోపలి నీళ్ళు పలుకులై కండని చీల్చేస్తయ్. ఇదంతా అదే. నాకు అనుమానమున్న జబ్బుల్ల కూడ ఖాళీలుంటయ్. ఈ ఖాళీ జబ్బుదా, ఐసుదా? నేను చెప్పలేను. ఇది తెచ్చేటప్పుడు ఏమైంది, తెలుసా?"

ఎవరూ ఏమీ అనకపోయినా గడిచిపోయేది. దారిలో ఏదో జరిగిందని రాసి మూసేసేవారు. సరోజ తండ్రి వైపు చూడలేదు.

భీమారావుగారు స్టూలు మీంచి లేచారు.

"ఐసులో కళ్ళుప్పు ఏసినాను మేడం. రెండు పొరలు. ఇంకా చల్లగుంటదని. గడ్డకట్టకూడదని నర్సు చెప్పింది, నాను వినిపించుకోనేదు. తప్పు నాది. మా అమ్మాయికీ అల్లుడుగారికీ దీంతో సంబంధం లేదు."

తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు, ఎవరో వచ్చి తీసుకుపోతారన్నట్టు. బీరువా రోజు తర్వాత హేమసుందర్ మావగారి మొహం వైపు సూటిగా చూడటం ఇదే. నవ్యశ్రీ "కూర్చోండంకుల్. ఇంత జాగ్రత్తగ చెడగొట్టినవాళ్ళని నేను ఇప్పటిదాంక చూడలే," అంది. నవ్వలేదు గాని కళ్ళలో కోపం లేదు. తర్వాత హేమసుందర్ వైపు తిరిగింది.

"మీకు నడవడం ఎట్లుంటది సార్?"

"మామూలుగానే నడుస్తానండి."

"మెట్లు?"

"ఎక్కుతాను."

సరోజకి ఒళ్ళు మండిపోయింది. అదీ ఇదీ కాదు, ఇన్నేళ్ళ ఉక్రోషం ఒక్కసారి పొంగింది. కత్తి వద్దన్నాడు సరే, నోరు కూడా విప్పడా?

"మామూలుగా నడవరు డాక్టరుగారూ! బస్సు దిగాక నాలుగడుగులు వేస్తారు, ఆగుతారు. ఏదో చదువుతున్నట్టు నటిస్తారు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఇంకో పోస్టరు. సంచి ఇస్తే చాలు, కాళ్ళు రావు. సరే పాపం నీరసం అనుకుందామా, అదీ కాదు! కాసేపు అలా ఆగి ఆగి నడిచాక ఈయనకి ఎక్కడలేని ఊపూ వస్తుంది. అంత దూరం మునిర్కా దాకా నడిచి వెళ్ళి మళ్ళీ నడిచి వచ్చేస్తారు, నేనే వెనక రొప్పుతూ రావాలి. నిజంగా ఒంట్లో శక్తి లేనివాడైతే మొదట్నుంచీ చివరిదాకా ఉండకూడదు కదా? మొదట్లో లేనిది తర్వాత ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే కదా మా నాన్న నటన అనేది! నేనూ అదే..."

అక్కడ ఆగిపోయింది. పరాయి మనిషి ముందు మొగుణ్ణి ఎంత మాట అనేసిందో అప్పుడు తెలిసింది. హేమసుందర్ తన అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు.

నవ్యశ్రీ చేతిలో పెన్ను బల్లమీద పెట్టింది.

"మళ్ళ చెప్పండి. ఆ చివరిది."

"ఏది?"

"కాసేపు ఆగినంక ఊపొస్తదన్నరు చూడండి. అది. ప్రతిసారీ అట్లనే వస్తదా?"

"ప్రతిసారీ," అంది సరోజ, ఈసారి నెమ్మదిగా.

డాక్టరు లేచి, కంప్యూటర్లో ఇంకో బొమ్మ తెరిచింది. నలుపూ తెలుపూ. పెద్ద ముక్క పాడైనా ఆ చిన్న సీసాలో ముక్క బాగుందని, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారని చెప్పింది. ఐసు అక్కర్లేదు కాబట్టి భీమారావుగారు పట్టించుకోకుండా జేబులో వేసుకున్న సీసా అది. కిందనుంచి పైదాకా వరసగా అడ్డగీతలు, గీతకీ గీతకీ మధ్య దువ్విన జుట్టులా నిలువు పోగులు.

"ఇది లావుపోగు, మయోసిన్. ఇది సన్నపోగు, ఆక్టిన్. రెండూ ప్రోటీన్లే. మయోసిన్‌కి చిన్న చిన్న చేతులుంటయ్. ఆ చెయ్యి ఆక్టిన్‌ని పట్టుకుంటది, గుంజుతది, వదుల్తది, మళ్ళ ముందు పట్టుకుంటది. తాడు గుంజినట్టు. కోట్ల చేతులు గట్ల గుంజితే కండ బిగుసుకుంటది. గుంజడానికి శక్తి కావాలె, అది అందరికీ తెలుసు. వదలడానికి కూడ శక్తి కావాలె. శక్తి రాకపోతే చెయ్యి పట్టుకున్నకాడనే ఉండిపోతది."

సరోజ ఆ గీతల వైపు చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీయడం, అందరూ నవ్వడం, తాను నవ్వడం. వదలక కాదు, వదిలే బలం కూడా మిగల్లేదు ఆ చేతులకి.

"ఇగ ఇక్కడ చూడండి," అని నవ్యశ్రీ పోగుల అంచున, పొర కిందన, ఇసక పోసినట్టున్న నల్లటి కుప్పలు చూపించింది. "ఇది కండ దాచుకున్న చక్కెర, గ్లైకోజెన్. ఇంతుండకూడదు. మొన్ననే ఇది చూసిన, కాని దీంతో ఏదైనా కావచ్చు అనుకున్న. ఈ చక్కెరని విడగొట్టి కండకి పెట్టడానికి ఇంకో ప్రోటీన్ ఉంటది. ఆయనకి ఆ ఒక్కటి లేదని నాకనిపిస్తుంది."

మొదట అర్థమైంది భీమారావుగారికే.

"అంటే గోదాంలో సరుకు నిండా ఉన్నాది. గోదాం తాళంచెవి లేదు."

"అంతే అంకుల్!"

"ముందున్న జవానుకి ఆర్డరొచ్చింది, అడ్వాన్స్ అని. ఆడి దగ్గర ఒక పూట రేషనుంటది. అదయిపోతే ఆగిపోతాడు. మరి తర్వాతెలగ నడుస్తాడు?"

"రక్తంల నించి వేరే దారిల వస్తది. కొవ్వు, చక్కెర. కాని అది వచ్చేదానికి టైం పడ్తది."

"ఎనకాల్నించి సరుకుల కాన్వాయ్ రావాల," అన్నారు ఆయన. "కాన్వాయ్ వొచ్చేదాకా ఆగుతాడు. ఒచ్చినాక బ్రహ్మాండంగా నడుస్తాడు. సప్లైలో ముప్పైయేళ్ళు చేసినాను మేడం. తిండి అందని జవానుని నడవమని ఏ ఆఫీసరూ అనడు. అంటే కోర్ట్ మార్షల్. నాను అన్నాను. మెట్ల మధ్యలో దించుతానన్నాడు, దించనివ్వనేదు."

జేబురుమాలు తీసి అద్దాలు తుడుచుకున్నారు. ఆ తర్వాత అద్దాలు పెట్టుకోకుండా కళ్ళు తుడుచుకున్నారు.

ఇక కత్తి అవసరం లేదంది నవ్యశ్రీ. కొంచెం రక్తం తీసి జన్యుపరీక్షకి పంపిస్తే ఖాయమవుతుంది. ఆ రిపోర్టు వచ్చేవరకూ తాను నూటికి నూరుపాళ్ళు అనదు. కాని మీ ఆవిడ చెప్పిన నడక ఇంకే జబ్బులోనూ ఇలా ఉండదు సార్, అంది. బరువులు ఒక్కసారిగా ఎత్తకూడదు. నొప్పి మొదలవగానే ఆగాలి, సిగ్గుపడకూడదు. నెమ్మదిగా మొదలుపెట్టి, రెండో ఊపు వచ్చాక ఎంత నడిస్తే అంత మంచిది. మెట్లెక్కేముందు కాస్త పంచదార నీళ్ళు తాగినా సాయపడుతుంది. మూత్రం రంగు మారితే ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకూడదు. అంతే. అంత మాత్రం పాటిస్తే కిడ్నీలకి భయం లేదు, ముసలితనం దాకా హాయిగా బతకొచ్చు.

"చిన్నప్పట్నుంచీ ఇంతేనండి," అన్నాడు హేమసుందర్. అతను మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. "అందరికీ ఇలాగే నొప్పి పుడుతుందనుకునేవాణ్ణి. వాళ్ళు ఓర్చుకుంటున్నారు, నాకు ఓర్పు లేదు అనుకున్నాను."

నవ్యశ్రీ అద్దాలు తీసి అతని వైపు చూసింది. "మీ ఓర్పు నేను మైక్రోస్కోపుల చూసిన సార్," అంది. "ఇంత నొప్పి మీద ఆ బీరువా పైదాంక మోసిన్రు."

సరోజ ఆ డాక్టరు చెయ్యి పట్టుకుంది. థాంక్స్ అనే మాట బొత్తిగా చాలదనిపించింది. ఎవరికని చెప్పాలి? ఈ అమ్మాయికా, కిడ్నీలు నిలబెట్టిన ఆ వైశాలి డాక్టరుకా, నూకంత ముక్కకా? మొగుడి మీద తాను ఇన్నేళ్ళు పెంచుకున్న ఫిర్యాదే చివరికి అతనికి మందుచీటీ అయింది. అది తల్చుకుంటే ఏడవాలో నవ్వాలో ఆమెకి తెలియలేదు.

రక్తం ఇచ్చి బయటికొచ్చేసరికి చలికాలపు ఎండ నడినెత్తికొచ్చింది. మెట్రో దాకా ఆటో ఎక్కుదామంది సరోజ. నడుద్దామన్నాడు హేమసుందర్. భీమారావుగారు అలవాటు చొప్పున కవాతు నడకతో ముందు పోతున్నారు. ఆసుపత్రి ప్రహరీ పొడుగునా దారి. కొత్తగా సున్నం వేసిన గోడ, పోస్టరు అంటించనివ్వకుండా ఎవరో కాపలా కాస్తున్నట్టు శుభ్రంగా ఉంది. కొంతదూరం పోయాక హేమసుందర్ అడుగు తడబడింది. గోడ వైపు తిరిగాడు. చదవడానికి ఏమీ లేదు. అలా ఒక్క క్షణం నిలబడి, ఇటు తిరిగాడు.

"సరోజా, కాళ్ళు పట్టేస్తున్నాయి. కాసేపు ఆగుదాం."

కాపురానికి వచ్చిన నాటినుంచీ రోడ్డు మీద ఆ మాట అతని నోట ఆమె వినలేదు. "ఆగుదామండీ," అంది.

ముందు నడుస్తున్న భీమారావుగారికి వినపడింది. వెనక్కి వచ్చారు. వచ్చి, ఏమీ అనకుండా, ఇస్త్రీ మడత నలుగుతుందన్న చింత లేకుండా, ఫుట్‌పాత్ అంచున చతికిలపడ్డారు.

"కూర్చోండి బాబూ. నాకూ మోకాళ్ళు లాగేస్తన్నాయి."

సరోజ తండ్రి వైపు ఆశ్చర్యంగా చూసింది. మోకాళ్ళా? పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు పరిగెత్తే మనిషికి! లిఫ్టున్నా ఎక్కని మనిషికి! జన్మలో ఒక్క అబద్ధమాడితే ఒట్టు అని ఊరంతా చెప్పుకునే సుబేదారు భీమారావు, నడినెత్తి ఎండలో, రోడ్డు మీద, నొప్పి నటిస్తున్నాడు. ఒట్టి అతకని నటన. మోకాళ్ళని చెప్పి తొడలు రుద్దుకుంటున్నాడు.

హేమసుందర్ పక్కన కూర్చుని కాసేపు ఆ రుద్దడం గమనించాడు. ఈ విద్యలో ఇన్నేళ్ళు పండిపోయినవాడు, నిన్నగాక మొన్న చేరిన శిష్యుణ్ణి చూసినట్టు చూశాడు.

"మావయ్యగారూ, మోకాలు ఇంకొంచెం కిందండి."

భీమారావుగారి చెయ్యి ఆగిపోయింది. ముందు ఉలిక్కిపడ్డారు, ఆపైన పెద్దగా నవ్వేశారు. హేమసుందర్ కూడా నవ్వాడు. సరోజ ఇద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుని, చెరొక భుజం మీదా చెయ్యి వేసింది. ఆటోవాడొకడు ఆగి "చలేంగే?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. వాళ్ళకి తొందరేం లేదు.